తూటాలకు బొట్టు

అమృతమ్మ గొంతు పెద్దది. నంగునూరులో ఆమె తన వాకిట్లో నిలబడి మాట్లాడితే అవతలి వీధిలో పొయ్యి మీద పాలు చూసుకుంటున్నవాళ్లకు కూడా సంగతి తెలిసిపోతుంది. అలాంటి మనిషికి కూతురి గురించి చెప్పుకోవడానికి మంచి మాట ఒకటి దొరికితే ఇక ఊరు వినక చస్తుందా? కూతురు భవాని పిస్తోలు షూటింగ్ పోటీల్లో పాల్గొంటుంది. మొదట్లో ఈ మాట విన్నవాళ్లు పోలీసు ఉద్యోగం వచ్చిందా అని అడిగారు. పెద్ద వయసువాళ్లు కొందరు పాత రోజులు గుర్తు చేసుకుని, అటూ ఇటూ చూసి, పిల్ల అడవిలోకి గానీ పోయిందా అని అడిగారు. అమృతమ్మ అడిగినవాళ్లకు ఓపిగ్గా, అడగనివాళ్లకు మరింత ఓపిగ్గా వివరించింది. అది ఆట. కబడ్డీ ఎలాగో అదీ అలాగే. దూరంగా కాగితం మీద నల్లటి గుండ్రం ఉంటుంది, దాని నడిమధ్యన తూటా దిగాలి. తన బిడ్డది దిగుతుంది.

అందుకే రాష్ట్ర జట్టు ఎంపిక సిద్దిపేట దగ్గరే జరుగుతుందని తెలియగానే ఆమె ఒక ఆటో మాట్లాడి ముగ్గురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని బయలుదేరింది. వాళ్లలో ఎదురింటి ఉమారాణి ముఖ్యం. అమృతమ్మ ఏ మాట చెప్పినా దాని పక్కన ఒక ‘కానీ’ పెట్టే మనిషి ఉమారాణి. ఆమె కళ్లతో చూస్తే తప్ప భవాని గొప్పతనం ఊళ్లో పూర్తిగా రుజువైనట్టు కాదని అమృతమ్మ నమ్మకం. భర్త బుచ్చిరాములును కూడా రమ్మంది గానీ, కల్లుగీత కార్మికుడికి సెలవెక్కడిది, తాటిచెట్లు వదిలి రాలేనన్నాడు.

సిద్దిపేట దాటిన తరవాత హైవే పక్క మట్టిదారిలో ఉంది దత్తాత్రి షూటింగ్ రేంజి. దత్తాత్రి సైన్యంలో హవల్దారుగా పనిచేసి వచ్చాడు. తాతముత్తాతలంతా మగ్గం నేసినవాళ్లు. ఈయన మాత్రం తన వాటాకు వచ్చిన చెలకలో ఎత్తుగా మట్టికట్ట పోయించి, రేకుల షెడ్డు వేసి, కాళ్లరిగేలా తిరిగి పర్మిషన్లన్నీ తెచ్చుకుని పిల్లలకు షూటింగ్ నేర్పుతున్నాడు. భవాని కాలేజీలో ఎన్.సి.సి.లో ఉన్నప్పుడు తుపాకీ పట్టుకున్న ఆమె చెయ్యి వణకకపోవడం చూసి పిలిపించుకున్నాడు. అప్పటినుంచి ఆ అమ్మాయికి వేరే లోకం లేదు. ఈ రోజు కోసమే రెండేళ్లుగా కష్టపడుతోంది. ఆడపిల్లల పిస్తోలు పోటీలో మొదటి ముగ్గురు జట్టులోకి వెళతారు. మిగతావాళ్లు ఇంటికి వెళతారు. పిల్లలు దూరాల నుంచి వచ్చారు కాబట్టి తూటాలు అందరికీ రేంజి నుంచే ఇచ్చారు. భవానికి మాత్రం దత్తాత్రి ఆమె పిస్తోలుకు బాగా కుదిరిన మేలురకం డబ్బా ఒకటి ఎప్పుడో తీసిపెట్టి, దాని మీద ఆమె పేరు రాసి ఉంచాడు.

చూడడానికి వచ్చినవాళ్లకు తాడు కట్టిన అవతల కుర్చీలు వేశారు. అమృతమ్మ వెళ్లి మొదటి వరసలో కూర్చుంది. బల్లల దగ్గర పిల్లలు ఎవరి తూటాలు వాళ్లు చూసుకుంటున్నారు. చాలామంది డబ్బా మూత జరిపి, పైపైన ఒకసారి చూసి, సరే అనుకున్నారు. భవాని అలా కాదు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, దాని మీద చిన్న అద్దం పలక పెట్టింది. ఒక్కో తూటా తీసి ఆ అద్దం మీద దొర్లించింది. సీసపు మొన వంకరగా కూర్చుని ఉంటే దొర్లేటప్పుడు తల ఊపుతుంది. ఆ తరవాత ఇత్తడి గొట్టాన్ని వెలుగుకు పట్టి తిప్పుతూ సొట్ట పడిందా, చీలిందా, చిలుము పట్టిందా అని చూసింది. చివరికి అడుగున ఉండే అంచు చుట్టూ బొటనవేలి గోరు తిప్పింది. ఈ చిన్న రకం తూటాలకు నిప్పు పుట్టేది ఆ అంచులోనే. పిస్తోలు సూది వచ్చి కొట్టేది కూడా అక్కడే.

చింతపండులో గింజలేరినట్టు ఎంతసేపు ఏరుతుందని ఉమారాణి విసుక్కుంది. మిగతా పిల్లలు హాయిగా కూర్చున్నారు కానీ, అని కూడా అంది. అమృతమ్మకు ఈ ప్రశ్న కోసమే వచ్చినంత సంతోషమైంది. తన భర్త పొద్దున్నే తాటిచెట్టు ఎక్కే ముందు నడుముకు కట్టుకునే మోకునంతా వేళ్ల మధ్య నుంచి లాగి చూసుకోనిదే నేల మీద నుంచి కాలు ఎత్తడని, ఒక్క పోగు లేచినా ఆ రోజు చెట్టెక్కడని, కల్లు కోసం పదిమంది కూర్చుని తిట్టినా పట్టించుకోడని, అది చూస్తూ పెరిగిన పిల్లకు ఇంకే బుద్ధి వస్తుందని చెప్పింది. వెనక వరస వాళ్లకు కూడా వినపడేలా చెప్పింది.

అంతలో భవాని చెయ్యి ఆగింది. ఒక తూటాను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఇంకొకటి తీసింది. గోరుతో అంచు గీరి, గోటి కొనను తెల్లగుడ్డకు తుడిచింది. గుడ్డ మీద సన్నటి పసుపు గీత పడింది. ఆ గీతను చూసి అమృతమ్మ ముఖం వెలిగిపోయింది.

“గది నేనే పెట్టిన,” అంది ఉమారాణి మోచేతిని పొడుస్తూ.

అసలు జరిగింది ఇది. దసరాకు రేంజిలో ఆయుధ పూజ చేశారు. పిల్లల ఇళ్లవాళ్లంతా వచ్చారు. దుర్గమ్మ పటం ముందు గుడ్డ పరిచి పిస్తోళ్ల పెట్టెలు, ఎంపిక కోసం తెప్పించిన తూటాల డబ్బాలు వరసగా పేర్చారు. దత్తాత్రి బల్లలకు, పెట్టెలకు తానే బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టడానికి గేటు దగ్గరికి వెళ్లాడు. పిల్లలు ఆయన వెంట పోయారు. అమృతమ్మ ఒక్కతే లోపల ఉండిపోయింది. తన ఇంట్లో దసరా అంటే ఎలా చేస్తుందో ఆమెకు తెలుసు. భర్త గీతకత్తికి, మోకుకు, కుట్టుమిషనుకు, బండికి, చివరికి మిక్సీకి కూడా నూనెలో కలిపిన పసుపు రాసి బొట్టు పెడుతుంది. పెట్టెకు పెట్టి లోపలి వస్తువును వదిలేయడం ఏం పూజ? మూత జరిపి చూస్తే తూటాలన్నీ తలకిందులుగా నిలబడి, గుండ్రటి అడుగులు పైకి పెట్టుకుని బొట్టు కోసమే ఎదురు చూస్తున్నట్టు కనిపించాయి. ఇంటి నుంచి తెచ్చిన గిన్నెలో వేలు ముంచి ఒక్కోదానికి ఒక్కో చుక్క పెట్టింది. కూతురి పేరున్న డబ్బాకు మూడుసార్లు పెట్టింది. అమ్మవారికి దండం పెట్టుకుంది. ఆ తరవాత పిల్ల చేతులకు అంటుతుందేమోనని కొంగుతో పైపైన తుడిచి మూతలు మూసేసింది. ఇంత పని చేసి కూడా ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫలం తగ్గుతుందనుకుంది. ఆమె జీవితంలో చెప్పుకోకుండా దాచుకున్న మంచిపని బహుశా అదొక్కటే.

భవాని చెయ్యెత్తి దత్తాత్రిని పిలిచింది. ఆయన వచ్చి తూటా వాసన చూశాడు. కళ్లద్దాలు పైకి నెట్టుకుని మళ్లీ చూశాడు. ఆయన ముఖం చూడగానే అమృతమ్మ ఉమారాణి మోచేతి మీద నుంచి చెయ్యి తీసేసింది. పోటీ నడపడానికి హైదరాబాద్ నుంచి వచ్చిన జ్యూరీ ఆయన కూడా దగ్గరికి వచ్చి, కొద్దిగా నూనె అంటితే ఏమవుతుంది, తుడుచుకుని వాడుకోవచ్చు కదా అని అడిగాడు.

“నూనె లోపలికి దిగితే మందు సగమే అంటుకుంటది సార్,” అన్నాడు దత్తాత్రి. “సప్పుడు చిన్నగొస్తది. గుండు బయటికి పోక పిస్తోలు గొట్టంలనే ఇరుక్కుంటది. అది చూస్కోకుండ ఇంకోటి పేలిస్తే పిస్తోలు చేతులనే పగుల్తది. తుడిస్తే పైన ఉన్నది పోతది గని లోపలికి పోయింది పోదు.”

ఎలా జరిగిందని జ్యూరీ ఆయన అడిగాడు. దత్తాత్రి జవాబు వెతుక్కుంటున్నాడు. భవాని మాత్రం వెతుక్కోలేదు.

“మా అమ్మ పెట్టింది సార్. దసరా పూజ నాడు. గిది మా ఇంటి నువ్వుల నూనె, నాకెర్కే.”

అమృతమ్మకు ఒళ్లంతా మంటెక్కింది. అంతమంది ముందు, పైగా ఉమారాణి పక్కన ఉండగా, కన్నతల్లి పేరు చెప్పాలా? డబ్బా పాడైంది సార్ అంటే సరిపోయేది కాదా? చెమ్మ తగిలిందంటే ఎవరు కాదంటారు? ఇంతకాలం ఊరంతా తిరిగి ఈ పిల్ల పేరు మోసినందుకు ఇదా ఫలితం అనుకుంది. ఉమారాణి ఆమె వైపు చూసి, ‘కానీ’ కూడా అనకుండా ముఖం తిప్పేసుకుంది. అది ఇంకా ఘోరంగా ఉంది.

జ్యూరీ ఆయన గడియారం చూసుకున్నాడు. మిగతా పిల్లలెవరూ తమ డబ్బాల్లో లోపం చెప్పలేదని, పాడైంది ఈ అమ్మాయి డబ్బా ఒక్కటే కాబట్టి దాన్ని పక్కన పెట్టి వేరేది ఇవ్వమని, పోటీ టైముకే మొదలవుతుందని చెప్పాడు. పిల్లలు లేచి తమ జాగాల్లో నిలబడ్డారు. హైదరాబాద్ అమ్మాయి ప్రవీణ తన తూటాలు ఒక్కొక్కటిగా పిస్తోలు మ్యాగజైన్‌లోకి నొక్కడం మొదలుపెట్టింది. జట్టులో చోటు ఖాయమని అందరూ అనుకుంటున్నది ఆ అమ్మాయికే.

అమృతమ్మ ఆ చేతిని చూసింది. బక్క చెయ్యి, మణికట్టుకు ఎర్రదారం కట్టి ఉంది. ఎవరో తల్లి కట్టి పంపి ఉంటుంది.

పెట్టింది ఒక్క డబ్బాకు కాదు. ఆ సంగతి ఇక్కడ ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. దసరా నాడు కూతురి డబ్బాకు పెట్టాక గిన్నెలో ఇంకా మిగిలింది. పక్కన మిగతా డబ్బాలు వరసగా ఉన్నాయి. తన పిల్లకు పెట్టి పక్క పిల్లలకు పెట్టకపోతే అదేం బుద్ధి, బంతిలో ఒక్కరికే వడ్డించినట్టు ఉండదా అనుకుని అన్నింటికీ ఒక్కో చుక్క పెట్టింది. ఆ డబ్బాలే ఇప్పుడు అందరి బల్లల మీదా ఉన్నాయి. నోరు మూసుకుని కూర్చుంటే అవమానం ఒక డబ్బాతో ఆగిపోతుంది. ఒక్క చుక్కకు ఏమీ కాదేమో. పైగా ఇప్పుడు లేచి చెబితే పోటీ ఆగుతుంది, బిడ్డ మనసు ఇంకా చెదురుతుంది. ఇన్ని సాకులు ఆమెకు ఒక్క క్షణంలో దొరికాయి. అయినా ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. బొట్టు పెట్టేటప్పుడు అందరూ తన పిల్లలే అనుకుంది. దాచేటప్పుడు తన పిల్ల ఒక్కతే ఎలా అవుతుంది?

లేచి నిలబడింది. తాడు పట్టుకుంది.

“సారూ, జర ఆగున్రి. ఆ డబ్బ ఒక్కటి గాదు. అన్నిటికి పెట్టిన.”

ప్రవీణ మ్యాగజైన్‌ను పామును వదిలినట్టు బల్ల మీద వదిలేసింది. జ్యూరీ ఆయన అమృతమ్మను ఎగాదిగా చూసి, కోపం పళ్ల మధ్య నొక్కిపట్టి, పోటీ ఆపుతున్నట్టు ప్రకటించాడు. దత్తాత్రి తలమీద చెయ్యి పెట్టుకున్నాడు గానీ ఆమెను ఒక్క మాట అనలేదు. డబ్బాలను చూసుకోవలసింది తానేనని, గేటు దగ్గరికి పోవడం తన తప్పేనని జ్యూరీ ఆయనతో చెప్పాడు. అమృతమ్మ అలాగే నిలబడి ఉంది. కూర్చోవాలో, బయటికి పోవాలో కూడా తెలియలేదు.

డబ్బాలన్నీ వెనక్కి తీసుకున్నారు. పూజలో పెట్టని పాత డబ్బాలు కొన్ని ఇనప పెట్టెలో తాళం వేసి ఉన్నాయి. ప్రాక్టీసు కోసం ఎప్పుడో తెచ్చినవి, చాలాకాలంగా పడి ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా చూస్తే తప్ప ఎవరి చేతికీ ఇవ్వలేనన్నాడు దత్తాత్రి. అన్నీ ఆయన ఒక్కడు చూడాలంటే సాయంత్రమవుతుంది. ఆయన భవాని వైపు చూశాడు. పోటీలో ఉన్న అమ్మాయి అందరి తూటాలూ చూడడం ఎలా కుదురుతుందని జ్యూరీ ఆయన సందేహించాడు. అప్పుడు ప్రవీణ ముందుకొచ్చింది.

“ఆమె చూసి ఇస్తే నేను తీసుకుంటాను సార్,” అంది.

మిగతా పిల్లలు కూడా అదే మాటన్నారు. మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని విశ్రాంతి తీసుకుంటూ, చెయ్యి సాచి గురి సరిచూసుకుంటూ ఉంటే భవాని అద్దం పలక ముందు కూర్చుంది. పక్కన దత్తాత్రి కూర్చున్నాడు. దొర్లించడం, తిప్పడం, గోరు పెట్టి చూడడం. చిలుము పట్టినవి, సొట్ట పడినవి, మొన వదులైనవి ఒక గిన్నెలో వేసింది. బాగున్నవి గుడ్డ మీద పేర్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. తన వంతు వచ్చినప్పుడు ప్రతి అమ్మాయి వచ్చి రెండు చేతులూ దోసిలి పట్టి ఆమె ఇచ్చినవి తీసుకుని వెళ్లింది. చివరికి మిగిలినవి భవాని తనకు ఉంచుకుంది.

అమృతమ్మ తాడు దగ్గర నిలబడి ఇదంతా చూసింది. సిగ్గుతో ఒకవైపు చచ్చిపోతున్నా, ఇంకోవైపు ఛాతీ ఉబ్బడం ఆగలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిల్లలు, తన బిడ్డతో పోటీ పడడానికి వచ్చిన పిల్లలు, తమ చేతులు తన బిడ్డ చేతిలో పెట్టి పోతున్నారు. ఇది ఉమారాణికి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పే ముఖం లేక మింగేసింది.

పోటీ నడిచింది. ఒక్క తూటా కూడా మొరాయించలేదు. ప్రతి పేలుడికీ అమృతమ్మ ఉలిక్కిపడింది, ప్రతిసారీ ముందు పిల్లల చేతులే చూసింది. భవాని మొదట్లో బాగానే కొట్టింది. చివరికి వచ్చేసరికి అలసిపోయిన కళ్లను మాటిమాటికీ తుడుచుకోవడం తల్లికి ఇక్కడి నుంచే కనిపించింది. బోర్డు మీద పేర్లు వచ్చాయి. ప్రవీణ మొదటి స్థానం. భవానిది నాలుగు. మూడో అమ్మాయికీ ఆమెకూ తేడా ఒక్క పాయింటు.

వెంట వచ్చిన ఆడవాళ్లు వెళ్లి ఆటోలో కూర్చున్నారు. అమృతమ్మ షెడ్డు వెనక వేపచెట్టు దగ్గర నిలబడింది. రెండేళ్ల కష్టాన్ని ఒక గిన్నెడు నూనెతో నేలపాలు చేసిన తల్లి ఏం చెబుతుంది? భవాని వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చెంపలు తడిగా ఉన్నాయి.

“నీ జాగ నేనే పోగొట్టిన బిడ్డా,” అంది అమృతమ్మ.

“జాగ పోయింది,” అంది భవాని. “మల్లొస్తది. నేను గందుకు ఏడుస్తలేను.”

“మరెందుకు?”

భవాని అరచేత్తో చెంపలు తుడుచుకుంది. తల్లి అందరికీ పెట్టి ఉంటుందని తనకు ముందే అనిపించిందని చెప్పింది. ఒక్కరికే పెట్టే మనిషి కాదని తెలుసు కాబట్టి ప్రవీణ మ్యాగజైన్ పట్టుకోగానే తానే అరవబోయిందట. అరిచేలోపే వెనక నుంచి తల్లి గొంతు వినపడింది.

“నీ పేరు జెప్పినంక నీ దిక్కు చూడనీకె నాకు ధైర్యం రాలే అమ్మా. కోపంతోటి లేచి పోతవనుకున్న. నువ్వేమో లేచి ఇంకో తప్పు గూడ నీదే అని చెప్పినవ్. అందరి ముంగట. ఎవరు అడగకున్నా చెప్పినవ్. అప్పటిసంది గిట్లనే కళ్లల్ల నీళ్లొస్తున్నయ్. గురి గూడ సరిగ కనబడలే.” భవాని నవ్వబోయింది, అది నవ్వు కాలేదు. “నిన్ను జూసి గర్వమైందే నాకు.”

ఇంతకాలం గర్వపడడం తన పని అనుకుంది అమృతమ్మ. పిల్ల పుట్టిన దగ్గర నుంచీ ఆ పని ఒక్కరోజు మానలేదు. ఆ మాట తిరిగి తన వైపు రాగలదని ఎన్నడూ అనుకోలేదు. కూతురి తలను లాగి భుజానికి ఆనించుకుంది. ఇద్దరూ ఏడ్చారు. ఆటోలోంచి ఉమారాణి తల బయటికి పెట్టి ఇటే చూస్తోందని అమృతమ్మకు తెలుసు. చూడనీ అనుకుంది.